ముందు ఒక్క రిక్వెస్ట్‌ను కళ్లారా చూడండి

ప్రశ్న: ఆరు నెలలుగా పైథాన్ నేర్చుకుంటున్నాను. బ్యాకెండ్ డెవలపర్ కావాలని కోరిక. ఒక పాఠం చూసి, ఫ్లాస్క్ అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో చిన్న సర్వర్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో 127.0.0.1:5000 అని కొడితే పేజీ చక్కగా వస్తుంది. అదే అడ్రసు స్నేహితుడికి పంపితే తెరుచుకోవడం లేదన్నాడు. తర్వాత ఒక లినక్స్ మెషీన్ అద్దెకు తీసుకుని అందులో పెట్టాను. అక్కడా సర్వర్ నడుస్తున్నట్టే చూపిస్తుంది, బయటి నుంచి మాత్రం రాదు. ఏవేవో మార్చాక ఒకసారి వచ్చింది గానీ, టెర్మినల్ మూసేసరికి ఆగిపోయింది. అడిగినవారిలో ఒకరు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ నేర్చుకోమన్నారు, ఒకరు డాకర్ అన్నారు, ఇంకొకరు పైథాన్ వదిలి, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కు మారమన్నారు. ఏది ముందు, ఏది తర్వాత? ఇంత చిన్న పని దగ్గరే చిక్కుకుపోతే ఈ రంగం నాకు సరిపడుతుందా?

సమాధానం: మీ చిక్కుల సంగతి ముందు తేల్చేద్దాం. ఏది ముందు నేర్చుకోవాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

127.0.0.1 అనేది ప్రతి కంప్యూటర్ తనను తాను పిలుచుకునే అడ్రసు. మీరు కొడితే మీ ల్యాప్‌టాప్‌కే వెళుతుంది, మీ స్నేహితుడు కొడితే అతని కంప్యూటర్‌కే వెళుతుంది. పోర్టు అంటే ఒకే మెషీన్‌లో పిలుపు ఏ ప్రోగ్రామ్‌కు వెళ్లాలో చెప్పే నంబరు. అతని కంప్యూటర్‌లో 5000 పోర్టు మీద వినే సర్వర్ ఏదీ లేదు, కాబట్టి పేజీ రాలేదు. కాగితం మీద ‘నేను’ అని రాసి పంపారనుకోండి, చదివినవారికి ఆ ‘నేను’ తామే అవుతారు కదా. అదే జరిగింది.

అద్దె మెషీన్‌లో ఎదురైన ఇబ్బంది కూడా దీనికి తోబుట్టువే. ప్రత్యేకంగా చెప్పకపోతే ఫ్లాస్క్ సర్వర్ 127.0.0.1 మీదే కూర్చుంటుంది. అంటే ఆ మెషీన్ లోపలి నుంచి వచ్చే పిలుపులకు మాత్రమే పలుకుతుంది. జాంగో అనే మరో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ కూడా అంతే, పోర్టు మాత్రం 8000. నోడ్‌లో అడ్రసు ఇవ్వకపోతే అన్ని నెట్‌వర్క్ దారుల్లోనూ వింటుంది. నోడ్‌కు మారమన్నవారికి బహుశా ఈ చిక్కు ఎప్పుడూ ఎదురై ఉండదు. అంతమాత్రాన భాష మార్చుకోవాల్సిన పని లేదు. 0.0.0.0 అనే అడ్రసు ఇస్తే ఫ్లాస్క్ కూడా అన్ని వైపులా వింటుంది. మీరు ‘ఏవేవో మార్చాక’ పేజీ రావడానికి కారణం ఇదే అయి ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫ్లాస్క్ డీబగ్ మోడ్‌ను ఆన్‌లో ఉంచి 0.0.0.0 ఇవ్వవద్దు. తప్పు జరిగినప్పుడు బ్రౌజర్‌లోనే పైథాన్ కోడ్ నడిపి చూసుకునే వీలు ఆ మోడ్‌లో ఉంటుంది. అది మీ ఒక్కరి కోసం పెట్టిన సదుపాయం. బయటి ప్రపంచానికి తెరిస్తే, మీ మెషీన్‌లో ఎవరైనా తమ కోడ్ నడిపే దారి తెరిచినట్టే. దానికి ఒక పిన్ నంబరు కాపలా ఉన్న మాట నిజమే గానీ, దాని మీద భరోసా పెట్టుకోకండి. ఇప్పటికీ అలా నడుస్తూ ఉంటే, ఈ సమాధానం చదవడం ఆపి ముందు దాన్ని ఆపేయండి.

టెర్మినల్ మూయగానే సర్వర్ ఆగిపోవడం మామూలే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) ద్వారా లాగిన్ అయి మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఆ లాగిన్‌కు కట్టుబడి ఉంటుంది. లాగిన్ తెగగానే ప్రోగ్రామ్‌కూ ఆ కబురు అందుతుంది, అది ముగిసిపోతుంది. దీనికి మందు, లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి కనిపెట్టుకునే సిస్టమ్‌డీ. దాని గురించి కింద చెబుతాను.

చిక్కులు తేలాయి. కానీ నేను ఇక్కడితో ఆపితే రేపు మరో మూడు చిక్కులతో మీరు మళ్లీ రాయాల్సి వస్తుంది. ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు లోటు ఎన్‌జిన్‌ఎక్స్ రాకపోవడం కాదు, డాకర్ తెలియకపోవడమూ కాదు. సర్వర్ దగ్గరికి ఏమి వస్తోందో, అది తిరిగి ఏమి పంపుతోందో మీరు ఇంతవరకు కళ్లతో చూడలేదు. ఫ్రేమ్‌వర్క్ ఆ రెండింటినీ మీకు కనబడకుండా దాచింది. అది దాని పనే, తప్పుపట్టడం లేదు. అయితే దాచిన దాన్ని ఒక్కసారైనా విప్పి చూడనివారికి ఏ చిన్న తేడా వచ్చినా చీకట్లో తడుముకోవడమే అవుతుంది.

అందుకని నా సలహా ఇది: ఒక రెండు రోజులు ఫ్లాస్క్‌ను పక్కన పెట్టండి. పైథాన్‌తో పాటే వచ్చే సాకెట్ మాడ్యూల్ ఒక్కటి తీసుకుని సొంతంగా ఒక సర్వర్ రాయండి. పదిహేను, ఇరవై లైన్లకు మించదు.

ఆ లైన్లలో ఉండేది నాలుగు అడుగులే. ఒక సాకెట్, అంటే నెట్‌వర్క్‌లో మాట్లాడేందుకు ప్రోగ్రామ్ తెరుచుకునే ద్వారం, తయారుచేయాలి. దానికి బైండ్ అనే పిలుపుతో ఒక అడ్రసు, ఒక పోర్టు అంటగట్టాలి, ప్రస్తుతానికి 127.0.0.1, 8080 చాలు. లిజన్ అంటే చెవి ఒగ్గి కూర్చుంటుంది. యాక్సెప్ట్ అంటే ఎవరైనా వచ్చేదాకా అక్కడే ఆగి, వచ్చినవారి కోసం ప్రత్యేకంగా ఒక కొత్త సాకెట్ తెచ్చి మీ చేతికిస్తుంది. ఈ పేర్లు 1983లో బర్కిలీ యూనిక్స్‌తో వచ్చినవి. ఇవాళ ఏ భాషలో ఏ వెబ్ సర్వర్ నడుస్తున్నా లోపల ఈ పిలుపులే ఉంటాయి. మీ ఫ్లాస్క్ లోపలా ఇవే, రేపు మీరు పెట్టబోయే ఎన్‌జిన్‌ఎక్స్ లోపలా ఇవే.

మొదటిసారి జవాబు ఏమీ పంపకండి. వచ్చిన దాన్ని చదివి, తెరమీద అచ్చు వేసి, కనెక్షన్ మూసేయండి. బ్రౌజర్‌లో 127.0.0.1:8080 అని కొట్టండి. పేజీ రాలేదని బ్రౌజర్ ఫిర్యాదు చేస్తుంది, చేయనివ్వండి. మీరు చూడాల్సింది టెర్మినల్‌ను. అక్కడ పది, పదిహేను లైన్ల మామూలు అక్షరాలు వచ్చి ఉంటాయి. మొదటి లైనులో గెట్ అనే మాట, ఒక ఏటవాలు గీత, హెచ్‌టీటీపీ/1.1 అని, బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి పేరు, వెర్షన్ ఉంటాయి. కింద హోస్ట్ అని మీరు కొట్టిన అడ్రసు, యూజర్-ఏజెంట్ అని మీ బ్రౌజర్ తన గురించి చెప్పుకునే పరిచయం, యాక్సెప్ట్-లాంగ్వేజ్ అని మీరు ఎంచుకున్న భాషలు వరుసగా కనిపిస్తాయి. చివర ఒక ఖాళీ లైను. రిక్వెస్ట్ అంటే ఇంతే. ఇన్నాళ్లూ ఏదో గహనమైన వ్యవహారం అనుకున్నది చదవగలిగే ఉత్తరంలా కళ్లముందు ఉంటుంది. ఆ క్షణం కోసమే ఇంత చెబుతున్నాను.

ఆ ఖాళీ లైనును తేలికగా తీసుకోకండి. హోస్ట్ లాంటి ఆ లైన్లను హెడర్లు అంటారు. హెడర్లు ముగిశాయని సర్వర్‌కు తెలిసేది ఖాళీ లైను వల్లే. ఫారం నింపి పంపినప్పుడు వచ్చే సమాచారం ఆ లైను తర్వాతే మొదలవుతుంది. ఇంకో సంగతి: ప్రతి లైను చివర రెండు గుర్తులు ఉంటాయి, ఒకటి క్యారేజ్ రిటర్న్, రెండోది న్యూలైన్. మీరు జవాబు రాసేటప్పుడు కూడా రెండూ పెట్టాలి. ఒక్క న్యూలైన్ పెట్టినా బ్రౌజర్లు చాలావరకు సర్దుకుపోతాయి, కానీ అన్ని ప్రోగ్రాములకూ అంత ఓపిక ఉండదు.

జవాబు పంపడం మొదలుపెట్టాక మీరు పిలవని అతిథి ఒకటి కనిపించవచ్చు. మీరు ఒక్కసారే పేజీ అడిగారు, కానీ టెర్మినల్‌లో రెండో రిక్వెస్ట్ కూడా ఉంటుంది, ఫావికాన్.ఐకో కోసం. ట్యాబ్ మీద చూపే చిన్న బొమ్మ కోసం బ్రౌజర్ తనంతట తానే అడుగుతుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేదు. పేజీ ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాసి, లెక్క రెట్టింపు ఎందుకు వస్తోందో తెలియక తల పట్టుకున్నవారిని చూశాను. లోపలికి వచ్చేదాన్ని అచ్చు వేసి చూసి ఉంటే ఒక్క నిమిషంలో తేలేది.

ఇప్పుడు జవాబు పంపండి. దాని తీరు కూడా ఉత్తరం లాంటిదే. మొదటి లైనులో హెచ్‌టీటీపీ/1.1, 200, ఓకే. కింద హెడర్లు. ఖాళీ లైను. తర్వాత అసలు విషయం. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర్లో మొదటి వెబ్ సర్వర్ నడిపినప్పుడు ఇంత కూడా లేదు. గెట్ అన్న మాట, పక్కన పేజీ పేరు, అదే మొత్తం రిక్వెస్ట్. జవాబుగా నేరుగా హెచ్‌టీఎంఎల్ వచ్చేది. హెడర్లు లేవు, 200, 404 లాంటి సంఖ్యలూ లేవు. ఆ సర్వర్ నడిచిన నెక్స్ట్ కంప్యూటర్ మీద, ఇది సర్వర్, ఆపవద్దు అని ఎర్ర సిరాతో చేత్తో రాసిన చీటీ అంటించి ఉండేది. టెర్మినల్ మూయగానే సర్వర్ ఆగిపోయిందన్నారే, ఆ బెంగ అప్పుడూ ఉంది.

జవాబులో పెట్టాల్సిన హెడర్లలో రెండింటి దగ్గర కాస్త ఆగుదాం. తెలుగులో రాసుకునే మనకు అవి ఇంగ్లీషువారికంటే త్వరగా పాఠం చెబుతాయి.

కంటెంట్-లెంగ్త్ అంటే, ఖాళీ లైను తర్వాత ఎన్ని బైట్లు వస్తాయో ముందే చెప్పడం. మీ సర్వర్ నుంచి ‘నమస్తే’ అని పంపండి. చూడటానికి మూడక్షరాలు: న, మ, స్తే. పైథాన్‌లో దాని పొడవు అడిగితే 6 అంటుంది. న, మ, స, పొల్లు, త, ఏత్వం, ఇలా విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి. ఆ 6ను తెచ్చి కంటెంట్-లెంగ్త్‌లో పెట్టి చూడండి. బ్రౌజర్‌లో ‘నమ’ అని మాత్రమే వస్తుంది, మిగతాది ఎగిరిపోతుంది. గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. ఆరు గుర్తులకు 18 బైట్లు. మీరు 6 అని చెప్పారు, బ్రౌజర్ సరిగ్గా 6 బైట్లు తీసుకుంది, అంటే రెండు గుర్తులు. అది మీ మాట విన్నది, లెక్క తప్పింది మీ దగ్గర. ముందు మాటను బైట్లుగా మార్చి, ఆ బైట్ల పొడవు కొలిస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో ‘హలో’ పంపి పరీక్షించినవారికి అక్షరాల లెక్క, బైట్ల లెక్క ఒకటే కాబట్టి ఈ తప్పు బయటపడదు, చాలా కాలం తర్వాత ఎవరో తమ పేరు సొంత భాషలో రాసుకున్న రోజున బయటపడుతుంది. మీరు మొదటి రోజే పట్టుకోగలరు.

దీన్ని తిరగేసి కూడా చేసి చూడండి. 18కి బదులు 40 అని పెట్టి, కనెక్షన్ మూయకుండా ఉంచండి. మిగతా 22 బైట్లు ఇంకా వస్తాయేమోనని బ్రౌజర్ ఎదురుచూస్తూనే ఉంటుంది, ట్యాబ్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పని జరిగిపోయినా పేజీ ఎందుకు ‘లోడ్ అవుతూనే’ ఉంటుందో ఇకపై మీకు ఒక ఊహ ఉంటుంది.

రెండోది కంటెంట్-టైప్. అందులో టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని ఊరుకోకుండా క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని కూడా చెప్పాలి. చెప్పకపోతే బ్రౌజర్ ఊహించుకుంటుంది, ఆ ఊహ తప్పితే ‘నమస్తే’ స్థానంలో పిచ్చిగీతలు కనిపిస్తాయి. వాటిలోనూ ఒక వరుస ఉంది గమనించండి: పైన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం మాటిమాటికీ వస్తుంది. తెలుగు గుర్తులన్నీ యూటీఎఫ్-8లో ఒకే బైటుతో మొదలవుతాయి, పాత పాశ్చాత్య పద్ధతిలో చదివితే ఆ బైటు ఆ ‘ఎ’గా కనిపిస్తుంది. ఎక్కడైనా అలాంటి గందరగోళం కనిపిస్తే డేటా పాడైందని బెంబేలు పడకండి. చాలాసార్లు డేటా భద్రంగానే ఉంటుంది, చదివే పద్ధతే తప్పి ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక మిగతాది చకచకా సాగుతుంది. మొదటి లైనులో ఏటవాలు గీత తర్వాత ఏముందో చూసి, ఒక్కో దారికి ఒక్కో జవాబు ఇవ్వండి. మీకు తెలియని దారి అయితే 404. మీ కోడ్ కూలిపోతే 500. ఈ రెండిటికీ తేడా గట్టిగా గుర్తుంచుకోండి: 4తో మొదలైతే అడిగినవారి వైపు తప్పు, 5తో మొదలైతే సర్వర్ వైపు తప్పు. తప్పులన్నిటికీ 200 పంపి, లోపల ‘ఎర్రర్’ అని రాసే అలవాటు చేసుకోకండి. మీ సర్వర్‌ను వాడే ప్రోగ్రాములకు ఆ సంఖ్య తప్ప మరో ఆధారం ఉండకపోవచ్చు.

ఫోల్డర్‌లోని ఫైళ్లు పంపే కోడ్ రాస్తే ఒక ప్రమాదం కాచుకుని ఉంటుంది. దారిలో వచ్చిన పేరును నేరుగా ఫైలు పేరుగా వాడితే, ఎవరైనా రెండు చుక్కలు, ఏటవాలు గీత మళ్లీ మళ్లీ పెట్టి ఫోల్డర్ దాటి పైకి ఎక్కగలరు. మీ మెషీన్‌లోని ఏ ఫైలైనా అడగగలరు. బ్రౌజర్ ఆ చుక్కలను ముందే సర్దేస్తుంది కాబట్టి బ్రౌజర్‌తో పరీక్షిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. టెర్మినల్ నుంచే రిక్వెస్టులు పంపే కర్ల్ అనే ప్రోగ్రామ్‌తో, దారిని ఉన్నదున్నట్టు పంపమని చెప్పి పరీక్షించండి. ఫైలు అసలు చోటు లెక్కకట్టి, అది మీరు అనుమతించిన ఫోల్డర్ లోపలే ఉందని తేలాకే తెరవాలి.

మరో ప్రయోగం. ఒక దారికి జవాబు పంపేముందు పది సెకన్లు నిద్రపొమ్మని రాయండి. ఒక ట్యాబ్‌లో దాన్ని అడిగి, వెంటనే మరో ట్యాబ్‌లో వేరే దారి అడగండి. రెండోది కూడా కదలదు. మీ సర్వర్ ఒకరికి జవాబు ముగించేదాకా మరొకరి వైపు చూడదు. (రెండు ట్యాబుల్లోనూ ఒకే అడ్రసు కొడితే కొన్ని బ్రౌజర్లు తమంతట తామే రెండోదాన్ని ఆపుతాయి, అందుకే వేరే దారి అన్నాను.) ఒక్కో అతిథికి ఒక్కో థ్రెడ్ (ఒకే ప్రోగ్రామ్‌లో విడిగా సాగే పని వరుస) ఇవ్వడం ఒక పరిష్కారం. ఒకే థ్రెడ్ అందరినీ కనిపెట్టుకుని, ఎవరి దగ్గర కదలిక ఉంటే వారి దగ్గరికి వెళ్లడం ఇంకొకటి. ఒకే మెషీన్ ఒకేసారి పదివేల మందిని ఎలా చూసుకోగలదన్న ప్రశ్న 1999 ప్రాంతంలో గట్టిగా చర్చకు వచ్చింది. 2004లో బయటికొచ్చిన ఎన్‌జిన్‌ఎక్స్, 2009లో వచ్చిన నోడ్ రెండో పద్ధతిలో నడిచేవే. ఇప్పుడు మీకు ఇంతకంటే లోతు అక్కర్లేదు. మీ సర్వర్ ఎందుకు ఆగిందో మీ కళ్లతో చూశారు కదా, అది చాలు.

ఈ పనంతా అయ్యాక ఫ్లాస్క్ దగ్గరికి తిరిగి వెళ్లండి. రూట్ (ఒక్కో దారికి ఒక్కో జవాబును కలిపే ఏర్పాటు) అంటే ఏమిటో, రిక్వెస్ట్ అనే వస్తువులో హెడర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు. భాష మార్చుకోకండి. ఆరు నెలలు పెట్టిన శ్రమ మీ చేతిలో ఉంది, ఇక్కడ నేర్చుకున్నదేదీ పైథాన్‌కే పరిమితం కాదు. డాకర్ కూడా ఇప్పుడు వద్దు. మంచి పనిముట్టే, కాదనను. కానీ ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచి నడిపేందుకు డాకర్ కట్టే పెట్టెకు, అంటే కంటెయినర్‌కు, దాని సొంత 127.0.0.1 ఉంటుంది. లోపలి సర్వర్ దాని మీద కూర్చుంటే, పోర్టు బయటికి తెరిచినా పేజీ రాదు. ఇప్పుడున్న అయోమయానికి ఇంకో పొర తోడవుతుంది. సర్వర్‌ను అది లేకుండా ఒకసారి నిలబెట్టాక నేర్చుకోండి.

ఇక అద్దె మెషీన్. ఇక్కడ వరుస ముఖ్యం.

మొదట లాగిన్‌ను భద్రం చేసుకోండి. పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ వాడండి. ఆ కీతో లాగిన్ కాగలుగుతున్నారని మరో టెర్మినల్‌లో తేల్చుకున్నాకే పాస్‌వర్డ్ దారి మూయండి. తర్వాత ఫైర్‌వాల్, అంటే ఏ పోర్టులోకి పిలుపులను రానివ్వాలో తేల్చే కాపలా. 22 (ఎస్‌ఎస్‌హెచ్‌కు), 80, 443 (వెబ్‌కు) పోర్టులు తెరిచి, ఆ తర్వాతే దాన్ని ఆన్ చేయండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు 80, 443 తెరిచి, 22 మరిచిపోయాను. అప్పటికే తెరిచి ఉన్న లాగిన్ తెగలేదు కాబట్టి ఏ తేడా తెలియలేదు. మర్నాడు లోపలికి వెళ్లబోతే తలుపు లేదు. మెషీన్ అద్దెకిచ్చినవారి వెబ్‌సైట్‌లో ఉండే కన్సోల్ ద్వారా లోపలికి వెళ్లి సరిచేసేసరికి సగం రోజు గడిచింది. అందుకే ఈ ఒక్క వరుస మాత్రం తప్పకండి.

ఫైర్‌వాల్ ఒకటే అనుకోవద్దు. మెషీన్ లోపల ఒకటి ఉంటుంది, అద్దెకిచ్చినవారి నెట్‌వర్క్‌లో చాలాసార్లు ఇంకొకటి ఉంటుంది. రెండింటిలోనూ పోర్టు తెరవాలి. లోపలిది సరిచేసి, బయటిది ఉందన్న సంగతే తెలియక గంటలు పోగొట్టుకోవడం తరచూ జరిగేదే.

ఫ్లాస్క్ తనతో తెచ్చే సర్వర్ అభ్యాసానికే, బయటి వాడకానికి కాదని మొదలవగానే అదే హెచ్చరిస్తుంది. ఆ మాట నమ్మండి. దాని బదులు, బయటి వాడకానికి తయారైన గూనికార్న్ లాంటి పైథాన్ సర్వర్ పెట్టి, అదే 127.0.0.1 మీద, 8000 పోర్టులో నడపండి. ఇప్పుడు ఆ అడ్రసు మీకు శత్రువు కాదు, కాపలా. బయటివారెవరూ నేరుగా దాన్ని చేరలేరు. వారితో మాట్లాడేది ముందు నిలబడిన ఎన్‌జిన్‌ఎక్స్. లినక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టులు మామూలు యూజర్లకు అందవు, అధికారం ఉన్న ప్రోగ్రామే పట్టుకోగలదు. మీ కోడ్‌కు ఆ అధికారం ఇవ్వకుండా 80, 443 పనిని ఎన్‌జిన్‌ఎక్స్‌కు అప్పగించడంలో ఉన్న మేలు ఇదే. రేపు మీ కోడ్‌లో ఏ కన్నం బయటపడినా, దూరినవారికి మెషీన్ మొత్తం చిక్కదు.

గూనికార్న్‌ను చేత్తో మొదలుపెట్టకండి. సిస్టమ్‌డీకి అప్పగించండి. పదిపన్నెండు లైన్ల ఫైలు ఒకటి రాయాలి: ఏ ఫోల్డర్‌లో, ఏ యూజర్ పేరుతో, ఏ కమాండ్ నడపాలి, కూలిపోతే మళ్లీ లేపాలా అని. యూజర్ పేరు దగ్గర రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అని రాయకండి, దీనికోసమే ఒక మామూలు యూజర్‌ను సృష్టించండి. ఆ తర్వాత మీరు టెర్మినల్ మూసినా, మెషీన్ ఆగి మళ్లీ లేచినా, సర్వర్ తనంతట తానే నిలబడుతుంది. మెషీన్‌ను కావాలనే ఒకసారి రీస్టార్ట్ చేసి ఇది పరీక్షించండి. సర్వీసును మొదలుపెట్టడం వేరు, మెషీన్ లేచినప్పుడల్లా లేవాలని చెప్పడం వేరు. రెండో కమాండ్ మరిచిపోయారో లేదో ఆ రీస్టార్ట్ చెప్పేస్తుంది.

డొమైన్ పేరు ఉంటే దాన్ని మెషీన్ అడ్రసుకు కలిపి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి హెచ్‌టీటీపీఎస్ కోసం ఉచితంగా సర్టిఫికెట్ తీసుకోండి. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ ఆ పని చేసిపెడుతుంది. సర్టిఫికెట్ గడువు 90 రోజులకు మించదు కాబట్టి, తనంతట తానే పొడిగించుకునే ఏర్పాటు ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

పేజీ రానప్పుడు ఏమి చేయాలో ఇప్పుడు చెబుతాను. మీకు ఎక్కువ కాలం ఉపయోగపడేది ఇదే అనుకుంటున్నాను. బ్రౌజర్ పంపే ప్రతి ఫిర్యాదూ ఒక చోటును చూపిస్తుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ వస్తే మీరు మెషీన్‌ను చేరారు, కానీ ఆ అడ్రసులో, ఆ పోర్టు మీద వినేవారు లేరు. సర్వర్ ఆగిపోయి ఉండాలి, లేదా 127.0.0.1 మీద మాత్రమే వింటూ ఉండాలి. ఎంతసేపు చూసినా ఏమీ రాక, చివరికి ‘టైమ్ అవుట్’ అంటే చాలావరకు ఫైర్‌వాల్ పని. అది కాదనదు, అవుననదు, వచ్చినదాన్ని మింగేస్తుంది. 502 వస్తే సంతోషించండి. ఎన్‌జిన్‌ఎక్స్ దాకా అంతా బాగుంది, వెనకనున్న గూనికార్న్ పలకడం లేదు. 500 వస్తే గూనికార్న్ కూడా బాగుంది, తప్పు మీ కోడ్‌లో ఉంది. ఈ నాలుగింటినీ కావాలనే ఒక్కొక్కటిగా తెప్పించి చూడండి. గూనికార్న్ ఆపి 502 చూడండి, ఫైర్‌వాల్‌లో పోర్టు మూసి టైమ్ అవుట్ చూడండి. మీ చేత్తో పుట్టించిన తప్పు తర్వాత ఎక్కడ ఎదురైనా పోల్చుకుంటారు.

వెతుకులాట లోపలి నుంచి బయటికి సాగాలి. మెషీన్‌లోకి లాగిన్ అయి, ఎస్‌ఎస్ అనే కమాండ్‌కు ఎల్, టీ, ఎన్, పీ అక్షరాలు జోడించి నడిపితే, ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రసులో, ఏ పోర్టు మీద వింటోందో వరుసగా చూపిస్తుంది. సర్వర్ మళ్లీ మొదలుపెట్టబోతే ‘ఈ అడ్రసు వాడుకలో ఉంది’ అని మొరాయించినప్పుడు కూడా ఇదే వాడండి. చాలాసార్లు మీరు ఆపాననుకున్న పాత సర్వరే ఇంకా బతికి ఉంటుంది. తర్వాత లోపలి నుంచే కర్ల్‌తో 8000 పోర్టును అడగండి, ఆ తర్వాత 80ని, చివరికి మీ ల్యాప్‌టాప్ నుంచి. ఎక్కడ జవాబు ఆగిందో అక్కడే తప్పు ఉంది.

బయటికి తెరిచాక లాగ్ (వచ్చిన రిక్వెస్టుల చిట్టా) చూస్తే ఒక్కసారి గుండె ఝల్లుమనవచ్చు. మీరు ఎవరికీ అడ్రసు చెప్పకపోయినా రిక్వెస్టులు వస్తుంటాయి. మీ దగ్గర లేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీని అడుగుతారు, పాస్‌వర్డులు దాచుకునే డాట్ ఈఎన్‌వీ ఫైలును అడుగుతారు. మిమ్మల్ని ప్రత్యేకంగా ఎంచుకుని చేస్తున్నది కాదు. ఇంటర్నెట్‌లోని అడ్రసులన్నిటినీ వరుసగా తడుముతూ పోయే ప్రోగ్రాములు అవి. మీ సర్వర్ 404 అంటే సరే. కానీ ఆ డాట్ ఈఎన్‌వీ నిజంగానే ఎన్‌జిన్‌ఎక్స్ పంచే ఫోల్డర్‌లో లేదు కదా? బయటి నుంచి మీరే ఒకసారి అడిగి చూసుకోండి.

ఈ రంగం నాకు సరిపడుతుందా అని అడిగారు. మీ స్నేహితుడికి పేజీ రాకపోతే, అతని కంప్యూటర్‌లోనే ఏదో లోపం ఉందని వదిలేయకుండా మరో మెషీన్ అద్దెకు తీసుకుని ప్రయత్నించారు. అక్కడా రాకపోతే మార్చి మార్చి చూశారు. వచ్చినది ఆగిపోతే, ఎప్పుడు ఆగిందో గమనించి ఉత్తరంలో రాశారు. ‘టెర్మినల్ మూసేసరికి’ అన్న ఆ రెండు మాటల వల్లే మీ మూడో చిక్కు నేను ఇక్కడి నుంచి తేల్చగలిగాను. బ్యాకెండ్ పనిలో రోజూ చేసేది ఇదే. మీకు అది ముందే వచ్చు.

సాకెట్ సర్వర్ రాశాక, టెర్మినల్‌లో పడిన మొదటి రిక్వెస్ట్‌ను ఒక ఫైలులో దాచుకోండి. ‘నమస్తే’కు 6 పెట్టినప్పుడు, 18 పెట్టినప్పుడు ఏమి కనిపించిందో పక్కన రాసుకోండి. అద్దె మెషీన్ దగ్గర మళ్లీ ఆగిపోతే ఎస్‌ఎస్ కమాండ్ ఏమి చూపించిందో, లోపలి కర్ల్‌కు ఏ జవాబు వచ్చిందో, బయటి నుంచి వచ్చిన ఫిర్యాదు ఏమిటో, ఈ మూడూ ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.